లైపేజ్ నార్మల్ వచ్చింది, మరి క్రానిక్ అంటారేంటి డాక్టర్?

ప్రశ్న: మాది అనంతపురం, ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆయనకు 38 ఏళ్లు. నిరుడు కడుపునొప్పితో ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంటే అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ (క్లోమానికి ఉన్నట్టుండి వచ్చే వాపు) అన్నారు. తర్వాత రెండుసార్లు మళ్లీ వచ్చింది, బరువు కూడా తగ్గారు. ఇప్పుడు స్కాన్ చూసి క్రానిక్ (దీర్ఘకాలికం) అంటున్నారు. రక్తపరీక్షలో లైపేజ్ (క్లోమం తయారు చేసే ఎంజైమ్) మాత్రం నార్మల్. వారాంతంలో రెండు బీర్లు, రోజూ సిగరెట్లు ఉన్నాయి. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమేనమ్మా. నిరుడు చెప్పింది అప్పటి సంగతి, ఇప్పుడు చెప్పింది ఇప్పటి సంగతి.

క్లోమం పొట్ట వెనకాల, వెన్నుకు ఆనుకుని ఉంటుంది. అందుకే దాని నొప్పి వీపులోకి పాకుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. ఆహారాన్ని అరిగించే రసాలు పేగులోకి వెళ్లాక పనిచేయాలి, అవి క్లోమంలోనే పనిచేయడం మొదలుపెడితే వచ్చే వాపే అక్యూట్. పిత్తాశయంలో రాళ్లు, మద్యం ముఖ్య కారణాలు, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 1000 దాటినా రావొచ్చు. లైపేజ్ మామూలు పరిమితికి మూడు రెట్లు దాటేది ఈ దశలోనే, చాలామందికి సెలైన్, నొప్పి మందులతో వారంలో తగ్గిపోతుంది.

అదే మళ్లీ మళ్లీ వస్తే మెత్తని క్లోమం గట్టిపడి మచ్చ కడుతుంది, క్లోమ నాళంలో రాళ్లు పడతాయి, ఇక పాత స్థితికి రాదు. అదే క్రానిక్. రసం తయారు చేసే కణాలే తగ్గిపోయాక లైపేజ్ పెరగడానికి ఏముంటుంది? నార్మల్ అని వచ్చిన కాగితం చూసి ఊపిరి పీల్చుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ఇక్కడ స్కాన్ మాటే వినండి.

బరువు తగ్గడం గురించి ఒకటి అడుగుతాను, ఆయన మొహమాటపడకుండా చెప్పాలి: విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లు ఎంత పోసినా పోకుండా తేలుతోందా? అయితే కొవ్వు అరగడం లేదన్నమాట. దానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉన్నాయి, కానీ అవి అన్నం తిన్నాక కాదు, మొదటి ముద్దతో మొదలుపెట్టి తింటూ వేసుకోవాలి. నూనె మొత్తం మానేసి నెలల తరబడి గంజి మీదే ఉంచకండి, ఇంకా చిక్కిపోతారు. సంగటి, పప్పు, గుడ్డు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. ఇన్సులిన్ కూడా క్లోమంలోనే తయారవుతుంది కాబట్టి షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించండి.

బీరు రెండే కదా అనకండి. ఈ క్లోమానికి ఒక్కటి కూడా ఎక్కువే. సిగరెట్ సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ మద్యం లేకపోయినా పొగ ఒక్కటే జబ్బును ముందుకు తోస్తుంది, రెండూ ఈ రోజే ఆపాలి. ఆపలేకపోతున్నానంటే తిట్టకండి, దానికీ డాక్టర్లున్నారు, మందులున్నాయి.

మళ్లీ తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అని మాత్ర వేసి పడుకోబెట్టొద్దు, ఊరెళ్లి చూపిద్దామని అనంతపురం బస్సూ ఎక్కొద్దు. అర్ధరాత్రైనా దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. మామూలు చెకప్‌కు గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి నిరుటి డిశ్చార్జ్ సమ్మరీ, పాత స్కాన్ ఫిల్ములు కూడా పట్టుకెళ్లి, పిత్తాశయంలో రాళ్లున్నాయేమో, నాళంలో రాయి తీయాల్సి ఉంటుందేమో అడగండి.