ముందు ఆ చేతుల్ని చూడు

చిత్తూరు

నాయనా,

రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు డ్రమ్మర్ చార్లీ వాట్స్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. కుర్రతనంలో ఆయన బాంజో అనే తీగవాద్యం మెడ ఊడదీసి, మిగిలిన గుండ్రటి భాగాన్నే డ్రమ్ముగా వాయించుకున్న పేరా బాగుంది. ఇక నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను.

వ్యాసం ఎక్కడ మొదలుపెట్టావు? ఆమ్‌స్టర్‌డామ్ హోటల్లో ఆ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ "నా డ్రమ్మర్ ఎక్కడ?" అని ఫోన్ చేస్తే ఈయన సూటు తొడుక్కుని వచ్చి గుద్దిన దగ్గర. రోలింగ్ స్టోన్స్ గురించి రాసేవాళ్ళకి ఆ గుద్దు లేకపోతే పొద్దుపోదు. బ్యాండు గిటారిస్టు కీత్ రిచర్డ్స్ చెప్పిన కథ అది, వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1963 జనవరిలో ఆ బ్యాండులో చేరి, 2021 ఆగస్టు 24న ఎనభై ఏళ్ళ వయసులో పోయేదాకా దాన్ని వదలని మనిషిని ఒక్క గుద్దుతో పరిచయం చేస్తావా? ఆయన డ్రమ్స్ ఎలా వాయించేవాడో వ్యాసం మొత్తం మీద ఒక్క పేరా లేదు. "అద్భుతమైన లయజ్ఞానం" అన్నావు, "వీరవిహారం" అన్నావు. డ్రమ్ సోలో అంటేనే గిట్టని మనిషి వీరవిహారం ఎక్కడ చేస్తాడయ్యా!

పనివాడి జీవితం రాయాలంటే ముందు అతని పని రాయాలి. ఇది నా మొండిపట్టు అనుకున్నా సరే, దీన్ని మాత్రం వదలను. నువ్వే చేసి చూడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకో. మామూలు రాక్ డ్రమ్మర్ కుడిచెయ్యి హై-హ్యాట్ మీద, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాల మీద, ఆగకుండా నడుస్తుంటుంది. రెండుకీ నాలుగుకీ ఎడమచెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద పడుతుంది. అప్పుడు కూడా కుడిచెయ్యి ఆగదు, రెండు చప్పుళ్ళూ కలిసి పడతాయి. వాట్స్ అలా కొట్టడు. స్నేర్ మీద దెబ్బ పడేటప్పుడు ఆయన కుడిచేతి పుల్ల హై-హ్యాట్‌ని తాకకుండా పైకి లేస్తుంది, తర్వాతి దెబ్బకి దిగుతుంది. దాంతో ఆ స్నేర్ దెబ్బ పక్కన ఇంకే చప్పుడూ లేకుండా ఒంటరిగా వినబడుతుంది. ఆ పాటల నడకలో ఉండే చిన్న విరుపు ఉంది చూశావూ, అందులో ఈ చేతికి పెద్ద వాటా ఉంది.

ఎడమచేతి పట్టు కూడా చూడు. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి సందులో పుల్ల ఇరికించి పట్టుకుంటాడు. పూర్వం సిపాయిలు డ్రమ్ముని పట్టీతో వేలాడదీసుకుని నడిచేవాళ్ళు. డ్రమ్ము ఒక పక్కకి వాలేది కాబట్టి చెయ్యి అలా తిరిగింది. ఆ పట్టు జాజ్ సంగీతం వాయించేవాళ్ళకి వచ్చింది. జాజ్ అంటే ప్రాణం కాబట్టి వాట్స్ దాన్ని రాక్‌లోకి వచ్చాక కూడా మార్చుకోలేదు. తోటి డ్రమ్మర్లు చుట్టూ కోట కట్టుకున్నట్టు డ్రమ్ములు పేర్చుకుంటున్న కాలంలో ఆయన నాలుగు డ్రమ్ములు, కాసిని సింబల్స్ అనే కంచు పళ్ళేలతోనే గడిపాడు. నువ్వు ఆయన వేసుకున్న సూట్ల గురించి పేజీ రాశావు, ఆ నాలుగు డ్రమ్ములు నీకు కనపడలేదు.

2003 ఏప్రిల్‌లో స్టోన్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. మన జిల్లాకి అంత దగ్గరకి వచ్చి వెళ్ళిన మనిషి! నీ వ్యాసంలో ఆ ఊసే లేదు. మా అక్క కొడుకు టికెట్ తీసి నన్ను తీసుకెళ్ళాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా జాగర్ పరుగులు చూస్తున్నారు. నేను మాత్రం తెర మీద డ్రమ్స్ ఎప్పుడు చూపిస్తారా అని కాచుకుని ఉన్నాను. చూపించినప్పుడల్లా ఆ కుడిచెయ్యి అలాగే లేస్తోంది. మొహంలో ఏ ఆర్భాటమూ లేదు. ఆ రోజు అక్కడికి వెళ్ళినవాళ్ళు నీ తిరుపతిలో కూడా ఉంటారు, వెతికి పట్టుకుని మాట్లాడు.

ఈ విషయంలో నాకెందుకింత పట్టుదలో చెప్పాలి. నేను చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాస్తూ రాత్రిళ్ళు కథలు రాసుకున్నవాణ్ణి. గానుగ దగ్గర పాకం చూసే ఒక పెద్దాయన మీద కథ రాశాను. పెనంలోంచి చిటికెడు పాకం తీసి చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఇక దించండి అని చెప్పేవాడాయన. కాస్త ముందు దించితే అచ్చు నిలవదు, ఆలస్యమైతే మాడువాసన. కథంతా ఆ క్షణంలోనే ఉంది. పేరున్న వారపత్రిక ఎడిటర్ సరిగ్గా ఆ పేరానే కోసేసి, ఆ పెద్దాయన కూతురికి ఒక ప్రేమకథ పెట్టమన్నాడు. "పాకం ఎలా తీస్తే పాఠకుడికేంటండీ" అని ఉత్తరం రాశాడు. ఆ కథ ఆయనకి ఇవ్వలేదు. చాలాకాలం ఆ పత్రికలో నా పేరు కనపడలేదు, దానికి ఇప్పటికీ నాకు బాధ లేదు. ఆ రకం ఎడిటర్లు ఇవాళ వేరే వేషంలో ఉన్నారు. ప్రతి జీవితమూ స్ఫూర్తినివ్వాలంటారు. 2004లో వాట్స్‌కి గొంతు క్యాన్సర్ వస్తే నువ్వు "మృత్యువును జయించిన వీరుడు" అని రాసింది వాళ్ళ కోసమే. చికిత్స చేయించుకుని 2005లో మళ్ళీ టూర్‌కి వెళ్ళాడు. ఆ ఒక్క వాక్యం చాలు.

నిజంగా రాయాల్సిన దాన్ని నువ్వు చివర్లో "ఆసక్తికర విషయాలు" కింద పడేశావు. టూర్లలో తను పడుకున్న ప్రతి హోటల్ మంచాన్నీ ఆయన బొమ్మ గీశాడు, 1960ల చివరి నుంచీ. పాతికేళ్ళ స్టోన్స్ జీవితం గురించి అడిగితే ఐదేళ్ళు పని, ఇరవై ఏళ్ళు ఊరికే కాచుకుని ఉండటం అన్నాడు. టూర్లంటే ఇష్టం లేకుండానే జీవితమంతా టూర్లు చేసిన మనిషి ఆయన. మొదట్లో అడ్వర్టైజింగ్‌లో బొమ్మలు గీసే ఉద్యోగం చేసినవాడు. ఆ చేతులు పగలంతా ఖాళీగా ఉంటే ఏం చేస్తాయి? మంచం గీశాయి. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. నువ్వు దీన్ని పెన్సిల్ ముక్కలా పక్కన పెట్టేశావు.

గంగమ్మ జాతరలో వాయించే పలకలతో, అంటే డప్పులతో, నువ్వు పెట్టిన పోలిక కూడా అంతే. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పేరు రాస్తే తిరుపతి వచ్చేసినట్టు కాదు. గడ్డిమంట దగ్గర పలక కాచుకునేవాడి పక్కన నిలబడ్డావా? అంచు పట్టుకున్న ఎడమచేతిలోనే సన్న పుల్ల ఎలా ఆడుతుందో, కుడిచేతి లావు పుల్ల ఎక్కడ పడుతుందో చూశావా? చూస్తే రాయి. లేదంటే ఆ పేరా కొట్టేయ్.

గుద్దు తీసెయ్. సూట్లు సగానికి తగ్గించు. హై-హ్యాట్ సంగతి వీడియోల్లో చూడు, కానీ తిరుపతిలో ఎవరైనా కళ్యాణాల ఆర్కెస్ట్రా డ్రమ్మర్ దగ్గర కూర్చుని, స్నేర్ పడేటప్పుడు హై-హ్యాట్ దెబ్బ వదిలేసి కొట్టమని అడిగి నీ చెవులతో విను. రాశాక మళ్ళీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చేసి, పక్కన మార్జిన్ వదిలి ప్రింటు తీయించు, నేను రాయడానికి చోటుండాలి.

ఆశీస్సులతో.