సమాధానం: ఏఐ రాసిచ్చిన టెయిల్‌విండ్ రంగులు పేజీలో కనిపించట్లేదు

ఏఐ చెప్పినట్టే టెయిల్‌విండ్ (వెబ్ పేజీలకు రంగులు, రూపం ఇచ్చే సీఎస్ఎస్ టూల్) కాన్ఫిగ్ ఫైల్లో, అంటే సెట్టింగ్స్ ఫైల్లో, రంగులు రాసినా పేజీలో ఒక్కటీ రావట్లేదన్నారు. తప్పు మీది కాదండీ. మీరు ఇక్కడ పెట్టిన ప్యాకేజ్ ఫైల్లో (ప్రాజెక్టులో వాడే టూల్స్, వాటి వెర్షన్లు ఉండే ఫైల్) ఉన్నది టెయిల్‌విండ్ 4వ వెర్షన్, అది 2025 జనవరిలో వచ్చింది. ఏఐ ఇచ్చింది 3వ వెర్షన్ పద్ధతి. 4వ వెర్షన్ జావాస్క్రిప్ట్ కాన్ఫిగ్ ఫైల్‌ని తనంతట తాను చదవదు.

రంగుల్ని మెయిన్ సీఎస్ఎస్ ఫైల్లోనే థీమ్ బ్లాక్ (@theme) తెరిచి రాయండి: రెండు హైఫన్లు, కలర్, మళ్ళీ ఒక హైఫన్, ఆపైన మీ రంగు పేరు. అదే ఫైల్ మొదట్లో బేస్, కాంపొనెంట్స్, యుటిలిటీస్ అని మూడు పాత లైన్లుంటే తీసేయండి, టెయిల్‌విండ్‌ని ఇంపోర్ట్ చేసే ఒక్క లైన్ చాలు. నేనూ ఒక సాయంత్రమంతా ఇక్కడే ఇరుక్కుపోయాను, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ఇకమీదట ఏఐని అడిగేటప్పుడు ప్యాకేజ్ ఫైల్ కూడా అతికించి, వెర్షన్ నంబర్ ముందే చెప్పండి.