ఫ్యాషన్ మర్చండైజింగ్ చదివించొచ్చా? చదివించండి, కానీ ముందు ఒక శ్రావణమాసం కౌంటర్ వెనక నిలబెట్టండి

ప్రశ్న: "మా చెల్లెలు కడపలో ఇంటర్ పూర్తి చేసింది. ఫ్యాషన్ మర్చండైజింగ్ చదువుతానని పట్టుబట్టింది. బట్టల రిటైల్‌లో మంచి ఉద్యోగానికి ఆ చదువు పనికొస్తుందా, లేక డబ్బు దండగేనా?"

దండగ కాదు. నేను చదివాను, ఆ చదువుతోనే బతుకుతున్నాను. అయితే నాకు 2023లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను, చదివాక మీరే ఆలోచించుకోండి.

మాది కడపే. మా నాయన వై.వి. స్ట్రీట్‌లో ఒక చీరల షాపులో ముప్పై ఏళ్లకు పైగా సేల్స్‌మన్‌గా చేశాడు. నేను ఇక్కడే బీకాం చేసి, హైదరాబాదులో ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేసి, బెంగళూరులో ఒక షోరూముల కంపెనీ హెడ్డాఫీసులో ప్లానింగ్ టీంలో చేరాను. ఏ ఊరి షోరూముకు ఏ సరుకు, ఎన్ని పీసులు, ఏ వారంలో చేరాలో లెక్కేయడం మా పని, మర్చండైజింగ్ అంటే ముఖ్యంగా ఇదే. ఆ లెక్కకు ఆధారం పోయిన ఏడాది అమ్మకాలు. 2022లో శ్రావణం జూలై 29న మొదలైంది, ఆగస్టు మొదటి రెండు వారాల్లో పట్టుచీరలు బాగా పోయాయి. కాబట్టి 2023లో కూడా జూలై ఆఖరుకల్లా సరుకు దింపాలని షీటు తయారైంది.

జూన్‌లో మాటల్లో మాటగా ఈ విషయం నాయనకు ఫోన్లో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఈ యాడాది అధిక శ్రావణం గదమ్మా, జూలైలో పట్టుచీర ఎవరు కొంటారు?" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. పంచాంగం తీసి చూశాను. జూన్ 19 నుంచి జూలై 17 వరకు ఆషాఢం. జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం, అంటే శుభకార్యాలు పెట్టుకోని అదనపు నెల. అంటే వరుసగా రెండు నెలలు పెళ్లిళ్లు లేవు. నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలై, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. మా షీటు దాదాపు మూడు వారాలు ముందు నడుస్తోంది.

మరుసటి రోజే మేనేజర్‌తో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, పనిమంతుడే, కానీ "సెంటిమెంట్లను ప్లాన్‌లో పెట్టలేం, డేటా ఉంటే చూపించు" అన్నాడు. నా దగ్గర మా నాయన మాట తప్ప ఏమీ లేదు. అక్కడితో ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

జూలై ఆఖర్లో కడప షోరూముకు బేళ్లు దిగాయి. రెండు వారాలైనా నూటికి పది చీరలు కూడా కదల్లేదు. అమ్ముడుపోని సరుకుకు మా సిస్టమ్ తనంతట తానే తగ్గింపు పెడుతుంది, పెట్టింది. తగ్గింపులో ముందు పోయేవి ఎప్పుడూ మంచి రంగులే. మామిడిపండు రంగు, చిలకపచ్చ, మెరూన్ మీద బంగారు అంచు, అన్నీ పోయాయి. పాత సరుకు మీద డబ్బు ఇరుక్కుంది కాబట్టి కొత్త ఆర్డర్లకు బడ్జెట్ లేదన్నారు. ఆగస్టు 17 తర్వాత జనం వచ్చారు. వ్రతానికి కట్టుకునే చీర అడిగితే షోరూములో మిగిలినవి లేత బూడిద రంగులు, పాలిపోయిన గులాబీలు. లక్ష్మీదేవి పూజకు బూడిద రంగు చీర ఎవరు కడతారండీ? వచ్చినవాళ్లు వచ్చినట్టే వై.వి. స్ట్రీట్‌కు వెళ్లిపోయారు. మా నాయన షాపు ఓనరు ధర్మవరం నుంచి చీరలు తెప్పించుకున్నది ఆగస్టు రెండో వారంలో. ఆయన పదో తరగతి దాటలేదు.

ఇది చదివి చదువు దండగని అనుకుంటారేమో, అలా అనుకోవద్దు. ఆ నెల తర్వాత నేను కూర్చుని పాత అమ్మకాలన్నీ తవ్వాను. అంతకుముందు అధికమాసం 2020లో, ఆశ్వయుజానికి వచ్చింది. కరోనా ఏడాది కాబట్టి ఆ అంకెలు పనికిరావు. దానికి ముందు 2018లో అధిక జ్యేష్ఠం, మే 16 నుంచి జూన్ 13 వరకు. ఆ నాలుగు వారాల్లో రాయలసీమ షోరూములన్నిటిలో పట్టుచీరల గ్రాఫు ఒక్కసారిగా కిందికి దిగి కనపడింది. అది చూపించాక ఎవరూ సెంటిమెంట్ అనలేదు. షీటులో తెలుగు నెలకు ఒక కాలమ్, మూఢానికి ఒక కాలమ్ పెట్టించాను. 2024 మే, జూన్‌లలో మూఢం వల్ల పెళ్లి ముహూర్తాలు లేవు, ఆ ఏడాది వేసవికి పట్టు తగ్గించి కాటన్ పెంచాం. మా నాయనకు ఇదంతా నోటికి తెలుసు, కానీ ఆయన మాట బెంగళూరులో ఆ గదిదాకా వెళ్లే దారి లేదు. నేను చదువుకున్న చదువు ఆ దారి వేసింది.

నా కోపమంతా పాఠాల మీద. అమెరికా రిటైలర్లు ఏడాదిని నాలుగు, ఐదు, నాలుగు వారాల నెలలుగా విడగొడతారు. అలా 52 వారాలు వేస్తే 364 రోజులే వస్తాయి కాబట్టి ఐదారేళ్లకోసారి 53వ వారం కలుపుతారు. దీని మీద మాకు గంటసేపు క్లాసు చెప్పారు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి సుమారు 32, 33 నెలలకోసారి మనం ఒక నెలే కలుపుతాం, దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మే నెలలో కడప ఎండలో తిరిగే మనిషికి ఉన్ని కోట్ల సీజన్ లెక్కలు చెప్తారు. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ మార్చి 31న వచ్చాయి. ఉగాదికి ముస్లింలు కూడా దేవుని కడప గుడికి వెళ్లే ఊరు మాది, అలాంటి ఊళ్లో ఆ వారం షాపుల్లో రద్దీ ఎలా ఉంటుందో ఏ పుస్తకంలో ఉంది? రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుందన్నది కూడా నేను కౌంటర్ దగ్గర నేర్చుకున్నదే.

ఇంకో మాట, సందర్భం కాకపోయినా చెప్పాలి. సేల్స్‌లో ఉన్న ఆడపిల్లలకు రోజంతా కూర్చోవడానికి స్టూలు ఉండదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కూర్చునే హక్కును చట్టంలో పెట్టాయి. మీ చెల్లెలు రేపు పెద్ద ఉద్యోగంలోకి వెళ్లినా, కాళ్లు వాచిన మనిషి చీర ఎలా చూపిస్తుందో ఒకసారి చూసి ఉండాలి.

ఇక మీరడిగినదానికి వస్తే, ఫ్యాషన్ చదువంటే కుట్టుపని, ర్యాంప్ షోలు అనుకునే బంధువులుంటారు, వాళ్లను పట్టించుకోకండి. ఇది సగం లెక్కల చదువు. ఎక్సెల్ బాగా రావాలి. నిఫ్ట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ) రెండేళ్ల ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీకి ఏ డిగ్రీ ఉన్నా ఎంట్రన్స్ రాయొచ్చు, మాదాపూర్‌లో వాళ్ల హైదరాబాద్ క్యాంపస్ ఉంది. అందుకే ఇంటర్ అవగానే లక్షల ఫీజు అడిగే ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కు పరిగెత్తొద్దని నా గట్టి అభిప్రాయం. కడపలో బీకాం చేయించండి, సెలవుల్లో షాపులో పెట్టండి, డబ్బు తక్కువిచ్చినా సరే. ఒక నోట్‌బుక్ ఇచ్చి ఏ రోజు ఏ రంగు అడిగారు, ఏది లేదంటే వెళ్లిపోయారు అన్నది రాసుకోమనండి. బిల్లుల్లో అమ్మినవి మాత్రమే ఉంటాయి, లేదని తిరిగి వెళ్లినవాళ్లు ఏ కంప్యూటర్‌లోనూ ఉండరు. నా ఇంటర్వ్యూలో అన్నిటికంటే ఎక్కువసేపు అడిగింది అలాంటి నోట్‌బుక్ గురించే.