కాకినాడ చుట్టుపక్కల నుంచి ఇంతమంది కళాకారులు ఎలా వచ్చారు?

కాకినాడ, కోనసీమల నుంచి ఇంతమంది పాటగాళ్లూ నటులూ రావడం గోదావరి నీళ్ల మహిమేనా అని అడిగారు. నీళ్ల పాత్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టాలో వరి నిలకడగా పండింది. ధాన్యం ఇంటికి చేరాక రైతు చేతిలో నాలుగు డబ్బులు, కాస్త తీరిక. శ్రీరామనవమి పందిట్లో నాటకం ఆడించడానికి ఊరంతా చందా వేసుకునేది. కళాకారుడి ఇంట పొయ్యి వెలిగేది.

మా నాన్నగారు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ని. అమలాపురం వైపు ఊళ్లలో ముందు కూర్చున్న రైతులకు స్వరాల పేర్లు తెలియవు, పద్యం ఎక్కడ తేలిపోయిందో మాత్రం ఇట్టే తెలిసిపోయేది. రాగం బాగా తీస్తే “వన్స్ మోర్” అంటూ మళ్లీ పాడించుకునేవారు. నచ్చకపోతే లేచి టీ కొట్టుకు పోయేవారు. వాళ్ల ముందు నెగ్గినవాడు ఎక్కడైనా నెగ్గుతాడని నాన్నగారు అనేవారు. నేనూ అదే నమ్ముతాను. మన కళాకారుల్ని తయారుచేసింది ఆ వినేవాళ్లే.

కాకినాడనే చూడండి. ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడులో, నటన పట్టుబడింది కాకినాడలో, యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో. రేలంగి, పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్‌లో ఎదిగినవాళ్లే. సంగీతానికి సరస్వతీ గాన సభ ఉండేది. పక్కనే పిఠాపురం సంస్థానంలో వీణ సంగమేశ్వర శాస్త్రి. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ మాత్రం విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర నేర్చుకున్నారు, ఆ ఘనత మొత్తం మన జిల్లా ఖాతాలో వేసుకోకూడదు.

కళావంతుల గురించి, అంటే గుళ్లలోనూ సభల్లోనూ పాడి ఆడటమే వృత్తిగా ఉన్న దేవదాసీ కుటుంబాల గురించి, చెప్పకపోతే ఈ జవాబు అన్యాయమవుతుంది. ముమ్మిడివరం లాంటి ఊళ్లలో ఆ ఇళ్ల ఆడవాళ్లు క్షేత్రయ్య పదాలనూ జావళీలనే శృంగార గీతాలనూ అభినయాన్నీ తరతరాలుగా నిలబెట్టారు. 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ బతుకులోని దోపిడీకి అడ్డుకట్ట పడాల్సిందే, కానీ దాంతోపాటు వాళ్ల విద్యనూ జనం చిన్నచూపు చూశారు. చాలామంది ఇంట్లో కూడా పాడటం మానేశారు. సినిమా తారల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లు ఈ ఆడవాళ్లను ఒక్క మాటలోనైనా తలుచుకోకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.