కంటి పక్క గడ్డకి సూది పరీక్ష: మా అమ్మకి చేయించాం

మీ మామయ్యగారి కంటి పక్క గడ్డకి సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) రాశారని, కన్ను పోతుందేమో, క్యాన్సరైతే పాకుతుందేమో అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రెండేళ్ల క్రితం మా అమ్మకి ఇదే చేయించాం.

అమ్మకి కింది రెప్ప లోపల గట్టిగా తగిలేది, నొప్పి లేదు. ఊళ్లో ఒకచోట కంటికురుపని నాలుగు నెలలు చుక్కల మందే వేయించారు. నొప్పి లేని గడ్డ అన్నాళ్లు కరగకుండా ఉంటే కురుపు కాకపోవచ్చని మాకూ తట్టలేదు. చివరికి బరంపురం వెళ్లాం. ముందు సీటీ స్కాన్, తర్వాతే సూది అన్నారు. గుండెకి వేసుకునే ఆస్పిరిన్ ఎన్నాళ్లు ఆపాలో కూడా డాక్టరే చెప్పారు.

సూది కనుగుడ్డులోకి వెళ్లదండి, గడ్డలోకే. మామూలు ఇంజెక్షన్ సూది కంటే సన్నం. అమ్మని పైకి చూడమని, గడ్డని వేలితో అదిమిపట్టి, సూదిని లోపలే నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి తీసేశారు. వచ్చింది చుక్కంత. దాన్ని గాజు పలక మీద వేసి, ఇంకో పలకతో పల్చగా పులిమి స్పిరిట్ సీసాలో ముంచారు. డాక్టరు ఒడియాలో "సరిగలా" (అయిపోయింది) అన్నాక కూడా అమ్మ పిడికిళ్లు బిగించే ఉంది. మర్నాడు రెప్ప కమిలింది, వారంలో పోయింది.

అసలు టెన్షన్ రిపోర్టుతో. లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) అనుమానం, రకం తేల్చడానికి ఈ కణాలు చాలవు అని వచ్చింది. మళ్లీ చిన్న కోత పెట్టి ముక్క తీశారు. అది సూది వేసినవాళ్ల తప్పు కాదు. సూదితో విడి కణాలే వస్తాయి, లింఫోమా రకం చెప్పాలంటే చాలాసార్లు ముక్కే కావాలి. నెమ్మదిగా పెరిగే రకమని తేలి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు బియ్యంలో రాళ్లు కూడా మా అమ్మే ఏరుతోంది, చూపు బానే ఉంది.

పాకుతుందన్న భయం చాలా గడ్డల్లో అక్కర్లేదు. అయితే కొన్నిటికి డాక్టర్లే సూది వద్దంటారు. పై రెప్ప బయటి మూల కన్నీటి గ్రంథిలో వచ్చే ఒక రకం గడ్డని పొరతో సహా తీసేయాలి, పొర చిట్లితే మళ్లీ పుట్టుకొస్తుంది. పసిపిల్లల కంటిలోపల వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కైతే మామూలుగా సూది జోలికే వెళ్లరు. రక్తనాళాల గడ్డేమో అన్న అనుమానమున్నా జంకుతారు. స్కాన్ ముందు తీసేది అందుకే.

ఇంకోటి, రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటే ఊరుకోకండి, సూది పక్కకి పడి ఉండొచ్చు.

మామయ్యగారికి గడ్డ ఏ మూల ఉందో, స్కాన్ తీశారో లేదో రాయండి.