బిడ్డ క్యూఎమ్యూలో పనిచేస్తోంది, మాన్పించి ఏఐ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తాను. పెద్దబిడ్డ నల్గొండలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఎప్పుడు చూసినా ల్యాప్‌టాప్ ముందే. ఏం చేస్తున్నావంటే క్యూఎమ్యూ అనే వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక డేటా టైప్‌ను సరిచేస్తున్నానంటుంది. జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. ఎన్నిసార్లు పంపినా మార్చి పంపమంటున్నారట. మా బామ్మర్ది కొడుకు అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేస్తున్నాడు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. మాకు ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఉద్యోగం రాకపోతే సంబంధం చూసేద్దామని ఇంట్లో అంటున్నారు. ఈ పని మాన్పించి ఏఐలో చేర్చాలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మాన్పించకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో కోర్సు గురించిన సందేహం కంటే భయమే ఎక్కువగా కనిపిస్తోంది. బిడ్డ చేసే పనేమిటో మీకు తెలియదు. అడుగుదామంటే మీ చుట్టుపక్కల ఆ పని చేసినవాళ్లు ఎవరూ లేరు. నెలనెలా లోన్ మాత్రం గుర్తొస్తోంది. పాలమూరు, నల్గొండ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇదే టెన్షన్‌తో అడుగుతారు, కోర్సు పేరే మారుతుంది.

ముందు ఆమె పని ఏమిటో చెప్తాను. వర్చువల్ మెషిన్ అంటే ఒక కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ సాయంతో నడిచే ఇంకో కంప్యూటర్. క్యూఎమ్యూ అలాంటి మెషిన్లను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా మార్పులు రాసి పంపవచ్చు. దాన్ని 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టారు. ఇప్పుడది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వర్చువల్ మెషిన్ల కోసం ఉన్న కేవీఎం అనే భాగంతో కలిసి ఎన్నో డేటా సెంటర్లలో నడుస్తోంది. బయటి ప్రోగ్రాములు దానికి జేసన్ అనే రూపంలో, అంటే ప్రతి వివరానికీ ఒక పేరు పెట్టి రాసే పద్ధతిలో, ఆదేశాలు పంపుతాయి. ఏ ఆదేశంలో ఏ వివరం ఎలా ఉండాలో స్కీమా ఫైళ్లలో రాసి ఉంటుంది. డేటా టైప్ అంటే అదే.

మీ మిల్లులోనే చూడండి. రైతు పేరు, ఊరు, బస్తాలు, తేమ శాతం అన్నీ ఒకే వరసలో గీకేసిన చిట్టీ వస్తే ఏది ఏమిటో ప్రతి గుమస్తా తనకు తోచినట్టు చదువుకుంటాడు. గళ్లు గీసిన చిట్టీ అయితే ఆ గొడవ ఉండదు. కానీ కొత్త చిట్టీ అచ్చువేసిన రోజే పాత చిట్టీతో వచ్చిన లారీని గేటు దగ్గర ఆపలేరు కదా? కష్టమంతా అక్కడే ఉంది. క్యూఎమ్యూలో నడుస్తున్న మెషిన్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు తరలించే ఆదేశం ఒకటుంది. ఎక్కడికి వెళ్లాలో ఆ సర్వర్ చిరునామా, అందులో చేరాల్సిన పోర్టు నంబర్ అన్నీ ఒకే స్ట్రింగ్‌లో, అంటే ఒకే వరస అక్షరాల్లో, ఇచ్చేవారు. 2023 డిసెంబర్‌లో వచ్చిన 8.2 వెర్షన్‌లో వాటిని విడివిడి ఫీల్డులుగా, మన చిట్టీలో గళ్లలాగా, ఇచ్చే వీలు పెట్టారు, పాత పద్ధతినీ ఉంచారు. వర్చువల్ మెషిన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ లాంటి ప్రోగ్రాములు ఈ ఆదేశాల మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే పాతదేదైనా తీసేయాలంటే ముందుగా ప్రకటించి, రెండు విడుదలల పాటు ఆగాలని అక్కడ నియమం ఉంది.

మీ బిడ్డ పనీ ఈ కోవలోదే. మార్చి పంపమంటున్నారంటే వద్దన్నారని కాదు. పెద్ద మార్పును ప్యాచులుగా, అంటే చిన్న చిన్న మార్పుల ముక్కలుగా, విడగొట్టాలి, ఒక్కో ప్యాచ్ చేర్చాక కోడ్ కంపైల్ కావాలి, అంటే తప్పు లేకుండా కంప్యూటర్ నడిపే రూపంలోకి మారాలి, టెస్టులు రాయాలి, డాక్యుమెంటేషన్ సరిచేయాలి. ఇవేవీ మన కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో నేర్పరు. అనుభవమున్న ఇంజనీర్లు ఆమె రాసిన ప్రతి లైనూ చదివి తప్పులు చెప్తున్నారు, ఒక్క రూపాయి తీసుకోకుండా. ఆ శిక్షణ డబ్బు పెట్టినా దొరకదండీ.

ఇక ఏఐ కోర్సు. ఏఐ గొప్ప రంగమే, అందులో నాకు సందేహం లేదు. నా అనుమానమంతా మూడు నెలల కోర్సుల మీద. ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌ను (లైబ్రరీలను) పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిపించడం నేర్పుతారు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా లాంటి లెక్కల జోలికి పెద్దగా పోరు. చివర్లో ప్రాజెక్టు అంటే టైటానిక్ ఓడ మునిగినప్పుడు ఎవరు బతికారు, ఇంటి ధర ఎంత పలుకుతుంది, ఇవే. నా దగ్గరికొచ్చే రెజ్యూమేల్లో పేరు, ఫోన్ నంబర్ తీసేస్తే ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపించదు. ఇంటర్వ్యూలో ఈ మోడల్ ఎందుకు తప్పు చెప్పింది అని అడిగితే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఆ పిల్లలది తప్పు కాదు, వాళ్లకు నేర్పలేదు. గ్యారంటీ అన్నారు కదా, ఆ కాగితం తెప్పించుకుని చదవండి. ఏ కంపెనీ, ఎంత జీతం, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు ఇస్తారా అన్నది అందులో రాసి ఉందో లేదో చూడండి. నిజంగా ఏఐ మీద ఇష్టముంటే ఆమె ఆ లెక్కలు కాలేజీలోనే గట్టిగా చదువుకోవచ్చు, తర్వాత ఎంటెక్ చేయవచ్చు. ఆ ఏఐ మోడళ్లూ చాలావరకు క్లౌడ్‌లోని వర్చువల్ మెషిన్ల మీదే నడుస్తాయి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఉద్యోగం రాకపోతే సంబంధం చూస్తామన్నారు. మూడో ఏడాదిలో ఉన్న పిల్ల నెత్తిన ఆ మాట పెడితే చదువెట్లా సాగుతుంది? ఉద్యోగానికీ పెళ్లికీ ముడి పెట్టకండి. బామ్మర్ది కొడుకుతో పోలికా వద్దు. ఆ అబ్బాయికి ఇంకా ఉద్యోగమే రాలేదు, అప్పుడే మీ బిడ్డ వెనకబడిందని తేల్చేశారు. మీరు ఒక్కరోజైనా పక్కన కూర్చుని, ఏం మార్చావో చూపించు బిడ్డా అని అడిగారా? ఈసారి ఇంటికొచ్చినప్పుడు అడగండి.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మీ బిడ్డ పనిచేస్తున్న వర్చువల్ మెషిన్ల రంగంలో ఫ్రెషర్లకు ఉద్యోగాలు తక్కువ. రెడ్ హ్యాట్, న్యూటానిక్స్ లాంటి కంపెనీలకు బెంగళూరు, పుణెల్లో, ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటివాటికి హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి, కానీ చాలా పోస్టులకు అనుభవం అడుగుతారు. ఏఐ కోర్సు చేసినవాళ్లకు పోటీ విపరీతం. క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీలు చాలావరకు ఈ రెండిట్లో ఏదీ అడగవు, ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టు పెడతాయి. కాబట్టి ఆమె రోజూ కొంత సమయం దానికి తప్పకుండా ఇవ్వాలి. ఈ విషయంలో మీరు గట్టిగా పట్టుబట్టినా తప్పులేదు.

ఆమెకు నా మాటగా రెండు సంగతులు చెప్పండి. ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ల చేత పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమంలో క్యూఎమ్యూ చాలాసార్లు పాల్గొంది, ఎంపికైతే స్టైపెండ్ వస్తుంది. పోటీ ఎక్కువే, అయినా ఇప్పటికే ప్యాచులు పంపిన విద్యార్థి మెంటర్లకు కొత్త ముఖం కాదు. రెండోది, ఏఐ టూల్‌తో కోడ్ రాయించి పంపవద్దు. అలాంటి కోడ్‌ను తీసుకోబోమని క్యూఎమ్యూ 2025లో విధానంగానే పెట్టింది. ప్యాచ్ కింద తన పేరుతో సంతకం పెట్టేది ఆమే, దాని బాధ్యతా ఆమెదే.

లోన్ సంగతికొస్తే, సాధారణంగా ఎడ్యుకేషన్ లోన్‌కు కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేకుండా గడువిస్తారు. వడ్డీ మాత్రం పడుతూ ఉంటుంది. మీ మంజూరు పత్రంలో ఆ తేదీ చూడండి, అర్థం కాకపోతే బ్రాంచికి వెళ్లి రాయించుకోండి. వీలైతే ఇప్పటి నుంచే నెలకు కొంత వడ్డీ కట్టండి. అమీర్‌పేట కోర్సు ఫీజుకు పెట్టాలనుకున్న డబ్బును దానికి వాడుకోవచ్చు.