ముందు స్పీకర్లను షోకేసులోంచి దించండి, ఆంప్లిఫయర్ సంగతి తర్వాత

మీరు రాసినదాన్ని బట్టి, శ్రీకాకుళంలో మీ హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే అరలో పట్టేంత చిన్న పెట్టెలు, రెండూ టీవీ షోకేసులో చెరో గూట్లో ఉన్నాయి. పాట ఆ పెట్టెల్లోంచి వస్తున్నట్టే ఉంది తప్ప గాయకుడు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు లేదు, ఆంప్లిఫయర్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. విజయనగరంలో మా హాలు కూడా ఇంచుమించు ఇంతే, స్లాబు ఇల్లు, నేలంతా టైల్స్. చోటు సరిచేయడం వల్ల మా ఇంట్లో వచ్చినంత తేడా ఏ కొత్త పెట్టె వల్లా రాలేదు.

మధ్యలో స్పీకరు ఉండదు, అయినా గొంతు మధ్యలోంచే రావాలి. 1931లో స్టీరియో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన ఇంగ్లండు ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ పట్టుకున్న కిటుకు మన చెవుల్లోనే ఉంది. ఎడమ నుంచి, కుడి నుంచి ఒకే శబ్దం ఒకే క్షణంలో, ఒకే బిగ్గరతో చేరితే మెదడు దాన్ని సరిగ్గా నడిమధ్యన పెట్టుకుంటుంది. ఈ సమానత్వం చెడితే మిగతా ఏ హంగూ పనికిరాదు. శబ్దం అడుగు దూరం పోవడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది. ఒక స్పీకరు శబ్దం ఒక మిల్లీసెకను ముందొస్తే చాలు, గొంతు మొత్తం అటువైపు ఒరిగిపోతుంది. అందుకే కంటి అంచనా వద్దు. మేస్త్రీలు వాడే టేపు తీసుకుని, మీరు కూర్చునే కుర్చీలో తల ఉండే చోటు నుంచి రెండు స్పీకర్లకూ కొలవండి. అంగుళం తేడా కూడా ఉంచకండి.

మీ గదికి నా లెక్క ఇది. స్పీకర్లను స్టాండ్ల మీద 10 అడుగుల గోడ వైపు పెట్టండి. రెండింటి మధ్య, నడిమి నుంచి నడిమికి, 6 అడుగులు. పక్క గోడలకు చెరో 2 అడుగులు మిగులుతుంది. స్పీకరు ముఖం వెనక గోడకు 3 అడుగుల ముందుకు రావాలి. మీ కుర్చీ ఒక్కో స్పీకరుకు ఆరున్నర, ఏడు అడుగుల దూరంలో ఉండాలి. ఇంట్లో వాళ్లు నడవడానికి అడ్డమంటారు, ఆ మాట నిజమే. పాటలు వినేటప్పుడు ముందుకు జరిపి, తర్వాత వెనక్కి నెట్టేయండి. నేలమీద స్టాండు కాళ్ల చోట చిన్న టేపు ముక్కలు అతికిస్తే ప్రతిసారీ కొలవక్కర్లేదు.

వెనక గోడకీ పక్క గోడకీ ఒకే దూరం ఎందుకు పెట్టలేదంటే, గోడకు తగిలి వెనక్కి వచ్చే శబ్దం అసలు శబ్దాన్ని ఒక స్థాయి దగ్గర కొట్టేస్తుంది (స్థాయిని హెర్ట్జ్‌లో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ శబ్దం మంద్రం). 2 అడుగులకు అది సుమారు 140 హెర్ట్జ్ దగ్గర, 3 అడుగులకు సుమారు 94 దగ్గర పడుతుంది. రెండు దూరాలూ ఒకటే అయితే రెండు దెబ్బలూ ఒకేచోట పడి మృదంగం బరువు పోతుంది. మూలకు నెడితే మరీ కష్టం, బేస్, అంటే మంద్ర శబ్దం, ఉబ్బిపోయి గొంతును మింగేస్తుంది. కుర్చీ కూడా దాని వెనకున్న గోడకు ఆనకూడదు. గదికి సరిగ్గా నడిమధ్యన, అంటే 7 అడుగుల దగ్గర కూడా వద్దు, అక్కడ 40 హెర్ట్జ్ దగ్గరి బేస్ వినపడకుండా పోతుంది.

ఎత్తు విషయానికొస్తే, ట్వీటరు, అంటే పెట్టెలో పైస్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకరు, చెవి ఎత్తున ఉండాలి, అంతే. కుర్చీలో కూర్చుంటే అది మూడడుగుల పైచిలుకు. దివాను మీద కూర్చుంటారా, కొలత మారుతుంది. స్టాండు కింద గ్రానైటు ముక్క వేస్తే కదలదు. మీకు టెక్కలి దగ్గరే, కటింగు దగ్గర మిగిలిన ముక్కలు అడిగి చూడండి.

ఇప్పుడు పరీక్ష. దీనికి ఖరీదైన ఆడియో డిస్కులు అక్కర్లేదు, 1950ల నాటి ఘంటసాల, సుశీల పాటలు చాలు. ఇద్దరూ మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్లే, ఆ మాట చెప్పుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టం. ఆ పాటలు మోనో, అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది అచ్చంగా ఒకే శబ్దం. కాబట్టి గొంతు, వాద్యాలు అన్నీ మధ్యలో ఒకే చోట కుదురుగా నిలవాలి. (తర్వాత స్టీరియోలా మార్చిన కాపీలు కూడా దొరుకుతాయి. హెడ్‌ఫోన్‌లో విని, అంతా తల మధ్యలోనే వినిపించే కాపీ ఎంచుకోండి.) గొంతు పలచబడి ఎక్కడుందో తెలియకుండా, బేస్ లేకుండా వినిపిస్తే మాత్రం ఒక స్పీకరుకు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారయ్యాయి. ముందు అది చూడండి.

మా హాల్లో కొలతలన్నీ సరిపోయినా సుశీల గొంతు కాస్త ఎడమకే ఉండేది. ఎడమ పక్క పూర్తి గోడ, కుడి పక్క వంటగదిలోకి తెరిచి ఉంటుంది. ఎడమ స్పీకరు శబ్దం గోడకు కొట్టి మళ్లీ నా చెవికి వస్తోంది, కుడి స్పీకరుకు ఆ అదనపు సాయం లేదు. నేను కుర్చీలో కూర్చుంటే మా తమ్ముడు అద్దం పట్టుకుని గోడ వెంబడి మెల్లగా నడిచాడు. అద్దంలో ట్వీటరు కనిపించిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టాం. అమ్మ పాత చీరలతో కుట్టిన మందపాటి బొంతను అక్కడ, గోడకు కొద్దిగా ఎడంగా వేలాడదీశాం. అదే పాట మళ్లీ పెడితే గొంతు జరిగి నడిమికి వచ్చి కూర్చుంది. పలచటి కర్టెన్ ఈ పని చేయదు, పైస్థాయి శబ్దాన్ని కాస్త మందగింపజేస్తుందంతే. బొంత లేకపోతే పుస్తకాల బీరువా అయినా మంచిదే. మీ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, గోడల మధ్య టంగుమని మోగితే నేలమీద, గోడ మీద ఇలాంటివి కావాల్సిందే.

మధ్య కుదిరాకే స్టీరియో రికార్డింగు పెట్టండి. స్పీకర్లను మీ వైపు ఎంత తిప్పాలన్నది ఇప్పుడే తేల్చాలి. ముందు సూటిగా మీ భుజాల వైపు చూసేలా పెట్టి, కొద్దికొద్దిగా బయటికి తిప్పుతూ పోండి. పాట పరుచుకున్నట్టు వినిపించే వేదిక వెడల్పవుతుంది, కానీ ఒక చోట దాటాక గొంతు చెదరడం మొదలవుతుంది. దానికి కాస్త ముందే ఆపండి. లోతు, అంటే గాయకుడి వెనక వయొలిన్, దాని వెనక మృదంగం అన్న భావన, ఎక్కువగా స్పీకర్ల వెనక గోడకు వదిలిన ఖాళీ వల్ల వస్తుంది. రికార్డింగులోని సన్నటి ప్రతిధ్వనులే ఆ దూరాన్ని చెబుతాయి. ఫ్యాను ఐదులో తిరుగుతుంటే అవి వినపడవు, కాబట్టి ఈ పని రాత్రి వీధి సద్దుమణిగాక, ఫ్యాను తగ్గించి చేయండి.

ఇదంతా చేశాక కూడా గొంతు ఒక పక్కకే ఉంటే, ఆంప్లిఫయర్ ఆపి, దాని దగ్గర ఎడమ స్పీకరు వైర్లు కుడికి, కుడివి ఎడమకు మార్చండి. ఒరుగు అవతలి పక్కకు మారితే తప్పు ఆంప్లిఫయర్‌దో దానికి ముందున్నదానిదో. మారకపోతే ఈసారి స్పీకరు పెట్టెలనే అటుదిటు చేయండి. అప్పుడు ఒరుగు పెట్టెతోపాటు జరిగితే లోపం ఆ స్పీకరులో ఉన్నట్టు, జరగకపోతే గదిలో ఉన్నట్టు. ఏది తేలిందో ఇక్కడ రాయండి, గదిదే అయితే కిటికీ, తలుపు ఏ పక్కన ఉన్నాయో కూడా చెప్పండి.